తాతయ్య నల్లకోటు విప్పి వదులు చేయవచ్చా?

గట్టు మీద సైకిలు (పాలకొల్లు దగ్గర పల్లెటూరు) · ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా మీరు రాసినవి చదివి కుట్టు నేర్చుకున్నవాడిని. రాయడం మాత్రం ఇదే మొదటిసారి. అమ్మ కుట్టుమిషను మీద ఆరు లాల్చీలు, నాలుగు చొక్కాలు, ఒక బుష్ షర్టు కుట్టాను. బుష్ షర్టును లెక్కలోంచి తీసేసినా అభ్యంతరం లేదు, దాన్ని మా నాన్నగారు చేలోకి వేసుకుని వెళుతున్నారు.

మొన్న అటక దులుపుతుంటే తాతయ్య ట్రంకు పెట్టె బయటపడింది. అడుగున, పాత పంచెలో చుట్టి ఆయన నల్లకోటు ఉంది. తాతయ్య హైస్కూల్లో లెక్కల మాస్టారు. పంచె మీద ఈ కోటు తొడుక్కుని, సైకిలెక్కి, కాలవగట్టు వెంట నాలుగు మైళ్లు వెళ్లి పాఠం చెప్పి వచ్చేవారట. 1952లో తీయించుకున్న ఫొటోలో ఆయన ఒంటి మీద ఉన్నది ఇదే. మూడు గుండీల్లో ఒకటి లేదు. ఒంటి భాగానికి నల్ల లైనింగు, చేతులకు మాత్రం గోధుమరంగు మీద నీలి చారల లైనింగు. లోపలి జేబులో వేలు పెడితే ఇప్పటికీ నస్యం వాసన వస్తోంది.

మాఘమాసంలో చెల్లి పెళ్లి. ఆ రోజు ఇది వేసుకోవాలని నా కోరిక. భుజాలు నాకే కొలిచినట్టు కూర్చున్నాయి. ఛాతీ దగ్గర రెండంగుళాలు చాలడం లేదు. పట్నంలో ఒక షాపులో చూపిస్తే ఆయన గోటితో గుడ్డను గీకి "టెరీవూల్" అన్నాడు. లోపలి సరుకంతా పీకేసి, కొత్త బకరం (గుడ్డ నిలబడడానికి లోపల వేసే గట్టి పొర) అంటించి, లైనింగు మార్చి నాలుగు రోజుల్లో ఇస్తానన్నాడు. "అంటించి" అన్న మాట వినగానే కోటు చంకన పెట్టుకుని వచ్చేశాను.

ఇది నిజంగా ఏ గుడ్డ? నాలాంటివాడు దీన్ని విప్పి వదులు చేయగలడా? అసలు చేయవచ్చా?

పాత బీరువా (రాజమహేంద్రవరం) · ఆదివారం రాత్రి 9:40

కత్తెర కింద పెట్టండి. ముందు అది.

నా దగ్గర మగవారి పాత బట్టలు మూడు బీరువాల నిండా ఉన్నాయి. కోట్లే నలభై దాకా. అందులో "కాస్త వదులు చేయించి" పాడైపోయినవి తొమ్మిది. కాబట్టి నా మాట కొంచెం కటువుగా ఉంటే మన్నించాలి.

షాపాయన చెప్పింది తప్పు. టెరీవూల్ అంటే టెరిలిన్, ఉన్ని కలిపి నేసిన గుడ్డ. టెరిలిన్ దారాన్ని కాలికో ప్రింటర్స్ అసోసియేషన్‌లో పనిచేసే విన్‌ఫీల్డ్, డిక్సన్ కనిపెట్టింది 1941లో. మన దేశంలో ఆ దారం తయారీ మొదలైంది 1960లలో. 1952 ఫొటోలో పల్లెటూరి మాస్టారి ఒంటి మీద టెరీవూల్ ఉండే అవకాశం లేదు. చేతులకు చారల లైనింగు వేయడం కూడా ఆ కాలపు అలవాటే.

ఒక పని చేయండి. చివరి గుండీ పక్కన పై గుడ్డను రెండు వేళ్లతో, లోపలి లైనింగును రెండో చేతి వేళ్లతో పట్టుకుని ఎడంగా లాగండి. మధ్యలో వేరే పొర ఒకటి దేనికీ అంటుకోకుండా కదిలితే, అది చేత్తో కుట్టిన కాన్వాసు, అంటే కోటుకు ఆకారం నిలిపే లోపలి గుడ్డ. పొర కదలకుండా పై గుడ్డకే అట్టలా అతుక్కుని ఉంటే, జిగురుతో అంటించినది. మీది మొదటి రకమే అయి ఉంటుంది. దాన్ని పీకి బకరం అంటించడమంటే టేకు తలుపు తీసేసి రేకు తలుపు పెట్టించుకోవడమే. మన తేమకు ఆ జిగురు నాలుగేళ్లలో వదులై, ఛాతీ మీద అప్పడం పొంగినట్టు బుడగలు లేస్తాయి.

గుడ్డ సంగతి తెలియాలంటే పక్క కుట్టు లోపల మిగిలిన అంచు నుంచి రెండు దారాలు లాగండి, పడుగు (నిలువు దారం) ఒకటి, పేక (అడ్డ దారం) ఒకటి. విడివిడిగా కాల్చి వాసన చూసి చెప్పండి. ఇస్త్రీ పెట్టె మాత్రం దగ్గరికి రానివ్వకండి.

కత్తెర మామయ్య (అమలాపురం) · సోమవారం ఉదయం 6:05

బీరువాగారికి కోటు దేవుడి పటం. నాకు బట్ట. నలభై ఒక్క ఏళ్లు కుట్టి, చూపు తగ్గాక దుకాణం మా అబ్బాయికి అప్పజెప్పినవాణ్ణి. నా మాటా వినండి.

బాబూ, ఆ కోటు కుట్టినవాడికి నువ్వు పుడతావని తెలుసు. నువ్వే అని కాదు, ఎవడో ఒకడు పుడతాడని. అందుకే లోపల గుడ్డ వదిలాడు. నడి వీపు కుట్టు, రెండు పక్క కుట్లు, చేతి మడత, ఇవి తడిమి చూడు. మా గురువుగారి దగ్గర పక్క కుట్టులో అంగుళానికి తక్కువ వదిలితే స్కేలుబద్ద వేళ్ల మీద పడేది. ప్యాంటు వెనక నడుము దగ్గర అంగుళంన్నర ఉండాల్సిందే. కుర్రవాడికి పెళ్లవుతుంది, అత్తవారు పెడతారు, పొట్ట వస్తుంది. అప్పుడు కొత్త సూటు కొనమంటామా?

ఇప్పటి రెడీమేడు కోటు విప్పి చూడు, వేలి గోరంత అంచు ఉంటే గొప్ప. గుడ్డ ఆదా అవుతుంది కంపెనీకి. లావైతే మనం కొత్తది కొనాలి, అదీ లాభమే వాళ్లకు.

రెండంగుళాలు కావాలంటే మూడు కుట్లలో పంచుకోవచ్చు. విప్పు. భయపడకు. ఒక్క షరతు, గుడ్డలో ప్రాణం ఉండాలి.

గట్టు మీద సైకిలు · సోమవారం రాత్రి 8:30

పొర కదిలింది. కాన్వాసే.

దారాలు కాల్చాను, కానీ ఫలితం వింతగా ఉంది. పడుగు దారం చప్పున అంటుకుని కాగితం వాసన వచ్చింది, మెత్తటి బూడిద మిగిలింది. పేక దారం ముడుచుకుపోతూ నెమ్మదిగా కాలింది, వెంట్రుకలు కాలిన కంపు. చివర నల్లటి పూస మిగిలింది, నలిపితే పొడి అయిపోయింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి ఎవరి జుట్టు కాల్చావురా అని అడిగింది. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఇంతే.

రంగునీళ్లు (కాకినాడ) · సోమవారం రాత్రి 10:15

వింత కాదండీ, అదే అసలు జవాబు. మీ తాతగారిది ఆల్పాకా కోటు అయి ఉంటుంది.

పాతకాలపు వకీళ్లు, మాస్టార్లు వేసుకున్న "అల్పకా కోటు" అని ఇళ్లలో పెద్దలు చెప్పగా విని ఉంటారు. ఆల్పాకా దక్షిణ అమెరికాలో పెరిగే జంతువు, దాని బొచ్చుకు పట్టులాంటి మెరుపు. ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ మిల్లుల వాళ్లు, ముఖ్యంగా టైటస్ సాల్ట్ అనే ఆయన, నూలు పడుగులో ఆల్పాకా పేక వేసి నేయడం పెద్ద పరిశ్రమ చేశారు. 1853లో ఆయన తెరిచిన మిల్లు చుట్టూ వెలిసిన ఊరు సాల్టేర్ ఇప్పటికీ ఉంది. పూర్తి ఉన్నికంటే పలచన, గాలి ఆడుతుంది, నలుపు మీద నిగారింపు. మన ఎండలకు కోటు తప్పనిసరి అయినవాడికి ఇంతకంటే మంచి గుడ్డ అప్పట్లో లేదు.

చిక్కు కూడా అక్కడే ఉంది. మెరిసేది పేక, మోసేది పడుగు. పడుగు నూలు, దానికి నల్లరంగు. వేసింది గంధకపు నలుపు అయితే, తేమలో ఏళ్లతరబడి మూసి పెట్టినప్పుడు కొద్దికొద్దిగా ఆమ్లం పుట్టి నూలు బలాన్ని తినేస్తుంది. పైకి గుడ్డ నిక్షేపంలా కనిపిస్తుంది, లాగితే కొత్తిమీర కాడలా తెగుతుంది. మామయ్యగారు అడిగిన "ప్రాణం" ఉందో లేదో ఇలా చూడండి. కోటును దీపానికి ఎదురుగా పట్టి మోచేతుల దగ్గర, చంకల దగ్గర సన్నటి వెలుగుగీతలు ఉన్నాయేమో చూడాలి. లోపలి అంచు నుంచి తీసిన పడుగు దారాన్ని రెండు చేతుల్లో పట్టుకుని మెల్లగా లాగాలి. కొత్త నూలు దారం "టప్" మంటుంది. చచ్చిన దారం అసలు చప్పుడే చేయదు.

లంక మనిషి (రావులపాలెం అవతల) · మంగళవారం మధ్యాహ్నం 2:20

అసలు విషయానికి కాస్త పక్కగా. ఆ ట్రంకు పెట్టె బయటివైపు, అడుగు నుంచి జానెడు ఎత్తున, మట్టిరంగు గీత ఏమైనా ఉందా? మా ఇంట్లో పెట్టెలన్నిటికీ ఉంది. 1986 ఆగస్టు వరద గీత. ఆ గీతకు కింద ఉన్న బట్టలు ఒక రకం, పైన ఉన్నవి ఒక రకం. కింద ఉన్న ఉన్ని బట్టల్లో ఒండ్రు ఇంకిపోతుంది, ఎన్నిసార్లు దులిపినా దుమ్ము రాలుతూనే ఉంటుంది, ఆ ఇసుక రేణువులే లోపల లోపల దారాన్ని కోస్తాయి.

ఇంకో మాట. మా వైపు పాత చొక్కాలు కొనేవారెవరైనా గోధుమరంగు చుక్కలు చూసి తుప్పు అనుకుని నిమ్మకాయ, ఉప్పు రుద్దుతారు. తుప్పు మరకైతే తెల్ల నూలుబట్ట మీద ఆ వైద్యం పనిచేస్తుంది. అరటి పాల మరకకు ఏ వైద్యమూ లేదు. గెల నరికిన చొక్కా అది, అలాగే తొడుక్కోవాలి. నేను ఆ చుక్కలను బట్టే చొక్కా ఎవరింటిదో చెబుతాను. కుడి భుజం మీద ఉంటే గెల మోసిన మనిషి, ముంజేతి మీద ఉంటే నరికిన మనిషి.

గట్టు మీద సైకిలు · మంగళవారం రాత్రి 9:05

గీత ఉందండీ! ఇన్నాళ్లూ పెట్టెకు వేసిన రంగు అనుకున్నాను. వరదనాటికి కోటు పెట్టె పైభాగంలో ఉండి ఉంటుంది, దానికి ఒండ్రు లేదు. మూతవైపు బూజు మాత్రం ఉంది.

దీపానికి పట్టి చూశాను. కుడి మోచేయి దగ్గర నాలుగు గీతలు, చంక కింద రెండు. వీపు బాగానే ఉంది. లాగిన దారం చప్పుడు చేసింది, కానీ గట్టిగా కాదు.

మామయ్యగారూ, పక్క కుట్లు లోపలినుంచి తడిమాను. మీరు చెప్పిన అంగుళం లేదు, పావు అంగుళమే ఉంది. లైనింగు అంచు రెండంగుళాల మేర తెరిచి చూస్తే ఆ కుట్టుకు పక్కనే సూది రంధ్రాల వరస ఇంకొకటి కనిపించింది. అంటే ఇదివరకే ఎవరో వదులు చేసేశారు. నా వంతు గుడ్డ తాతయ్యే వాడేసుకున్నారు.

కత్తెర మామయ్య · బుధవారం ఉదయం 5:50

ఫొటోలో సన్నగా ఉన్నారా, తర్వాత లావయ్యారా? మాస్టార్లకు నలభై దాటాక అంతే. కూర్చుని దిద్దడం ఎక్కువ.

నడి వీపు కుట్టు చూడు. అది ఎప్పుడూ ఆఖరున విప్పుతాం.

పాత బీరువా · బుధవారం ఉదయం 9:30

మామయ్యగారూ, నా గోడు ఇదే. ఆ రెండో రంధ్రాల వరస చూశారా? 1952 కొలత ఒకటి, ఆ తర్వాత కొలత ఒకటి. మనిషి ఒళ్లు ఎలా మారిందో ఆ రెండు గీతల మధ్య రాసి ఉంది. ఏ ఫొటోలోనూ ఇది దొరకదు. ఇంకోసారి విప్పితే ఆ రాత చెదిరిపోతుంది.

కత్తెర మామయ్య · బుధవారం ఉదయం 9:41

చెదరదు. మూడో గీత చేరుతుంది. అంతేగా.

యానాం గాలి (యానాం) · బుధవారం రాత్రి 7:55

మీ ఇద్దరి తగువు చదివాక నా పెట్టె తీయక తప్పలేదు.

మా ముత్తాతగారి పెళ్లికోటు నా దగ్గర ఉంది. ముదురు మెరూన్ రంగు మఖ్‌మల్ గుడ్డ, మెడ చుట్టూ జరీ. ఛాతీ కొలత ఇరవై ఆరు అంగుళాలు. పెళ్లినాటికి ఆయనకు పదకొండేళ్లు. శారదా చట్టం 1929లో వచ్చి, 1930 ఏప్రిల్ నుంచి అమలైంది. బ్రిటిషు ఇలాకాలో చిన్నపిల్లల పెళ్లి చేస్తే నేరం. యానాం ఫ్రెంచివారి చేతిలో ఉంది కాబట్టి ఆ చట్టం ఇక్కడికి రాదు. చుట్టుపక్కల జిల్లాల నుంచి పెళ్లివారు ఇక్కడికి తరలివచ్చేవారు, మా ఊరికి కల్యాణపురం అన్న పేరు పడింది. ఆ పెళ్లిళ్లు గొప్పవని నేను చెప్పడం లేదు. ఆ పెళ్లికూతురు మా ముత్తవ్వ, ఆవిడకు ఎనిమిదేళ్లు. పెళ్లిరోజు తనకు గుర్తున్నది పడవలో వాంతులు చేసుకోవడమొక్కటే అనేది.

కోటు సంగతికి వస్తాను. పదకొండేళ్ల పిల్లవాడికి కుట్టిన ఆ కోటు పక్క కుట్లలో రెండేసి అంగుళాలు, చేతి మడతలో మూడంగుళాలు వదిలాడు ఆ దర్జీ. విప్పి చూస్తే మూడు రంధ్రాల వరసలు. అంటే రెండుసార్లు వదులు చేశారు. ఆయనకు ఒకసారి, తర్వాత ఆయన తమ్ముడి పెళ్లికి ఒకసారి. మఖ్‌మల్ మీద సూది దిగిన చోట నూగు మళ్లీ లేవదు కాబట్టి ఆ గీతలు దాగవు, ఎవరైనా లెక్కపెట్టవచ్చు. పెళ్లికోటు ఒకరికోసం కుట్టరని, ఇంటికోసం కుడతారని నాకు ఆ గీతలు చూశాక అర్థమైంది.

మఖ్‌మల్ ఉన్నవారికి ఒక హెచ్చరిక. ఇస్త్రీ ఎప్పుడూ ముఖం మీద చేయకండి. నూగు అణిగితే ఇక అంతే. బోర్లించి, కింద మెత్తటి తువ్వాలు వేసి, వెనకనుంచి ఆవిరి మాత్రమే చూపించాలి.

రెండు జేబులు (భీమవరం) · బుధవారం రాత్రి 8:20

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. మా బాబాయి 1970లలో కుట్టించుకున్న బెల్ బాటమ్ ప్యాంటు ఉంది. కింద చుట్టుకొలత ఇరవై ఎనిమిది అంగుళాలు! ఇప్పటి ఫ్యాషన్‌కు తగ్గట్టు కింద సన్నం చేసి వేసుకోవచ్చా?

పాత బీరువా · బుధవారం రాత్రి 8:22

వద్దు.

కత్తెర మామయ్య · గురువారం ఉదయం 5:45

వద్దు. ఈ ఒక్క విషయంలో బీరువాగారూ నేనూ ఒకటే. కింద గుడ్డ కోసేస్తే ప్యాంటు అందం తొడ దగ్గర పోతుంది, ఎందుకంటే అది మోకాలి నుంచి విచ్చుకునేలా కోసిన గుడ్డ. అలాగే వేసుకుని భీమవరం సెంటర్లో తిరుగు, చూసేవాళ్లు చూస్తారు. టెరికాటే (టెరిలిన్, నూలు కలిపిన గుడ్డ) అయి ఉంటుంది, ఇంకో యాభై ఏళ్లైనా చిరగదు. వేసవిలో మాత్రం వేసుకోకు.

నిర్వాహకుడు · గురువారం ఉదయం 8:00

బెల్ బాటమ్‌కు వేరే చర్చ మొదలుపెట్టాను, ఆ సంగతులు అక్కడ రాయండి. ఇక్కడ కోటు మాత్రమే. ప్రాణమున్న కోటు, లేని కోటు అని ఇంకెవరూ తగువు పెంచవద్దని మనవి.

సూదిలో దారం (నరసాపురం) · గురువారం మధ్యాహ్నం 3:10

ఇంతమంది మగవారు చంకలో చిరుగు గురించి మాట్లాడారు, దాన్ని ఎలా నిలబెట్టాలో ఒక్కరూ చెప్పలేదు.

విప్పినా విప్పకపోయినా ఆ మోచేయి, చంక ముందు కాపాడాలి. వెలుగుగీతలు ఉన్న చోట లోపలినుంచి పలచటి మెత్తటి నూలుగుడ్డ ముక్క వేసి, సన్నటి సూదితో, నూలు దారంతో, గీతకు అడ్డంగా చిన్న చిన్న కుట్లు వేసి పట్టించాలి. పాలియెస్టర్ దారం వద్దేవద్దు. పాత నూలుకంటే అది గట్టిది, లాగినప్పుడు దారం నిలుస్తుంది, గుడ్డ తెగుతుంది. ముక్క అంచులు మడవకండి, మడిస్తే పైకి గట్టు కనిపిస్తుంది. అంచు దారాలు కొంచెం లాగేసి కుచ్చులా వదిలేయండి.

ఆ ముక్కకు ఏ గుడ్డ వాడాలంటే, మా ఊరి గుడ్డే. మాటవరసకు కాదు. నరసాపురాన్ని ఆనుకుని మాధవాయిపాలెం ఉంది. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తకస్థావరం అక్కడ ఉండేది. అక్కడినుంచి ఓడలెక్కిన మెత్తటి నూలుగుడ్డకు ఊరి పేరే పడింది. తెల్లవాళ్ల నోట్లో అది మడపొల్లం అయింది. తర్వాత లాంకషైర్ మిల్లులు అదే పేరుతో గుడ్డ నేసి మన దేశానికే తెచ్చి అమ్మాయి. ఇంగ్లీషు నిఘంటువుల్లో ఆ మాట ఇప్పటికీ ఉంది, ఊళ్లో అడిగితే మాత్రం గుడ్డ పేరని చెప్పేవారు ఒక్కరు లేరు. షాపులో మడపొల్లం అని అడిగితే మీ ముఖం చూస్తారు. పలచటి మల్లు అడగండి, లేదా పది ఉతుకులు పడిన పంచె కొంగు చాలు. నేను అదే వాడతాను.

మా అమ్మ నాన్నగారి చొక్కాలకు కాలరు తిప్పి కుట్టేది. మెడ దగ్గర పీచు లేచిన కాలరును విప్పి, లోపలివైపు పైకి వచ్చేలా తిరగేసి మళ్లీ కుట్టడమన్నమాట. మీరు పాత చొక్కాలు పోగుచేసేవారైతే కాలరు కింద వేలు పెట్టి చూడండి. లోపల పీచు, పైన నున్నగా ఉంటే ఆ ఇంట్లో ఓపికగల మనిషి ఉన్నట్టు.

గట్టు మీద సైకిలు · గురువారం రాత్రి 9:50

అందరికీ నమస్కారాలు. రాత్రంతా ఆలోచించాను. చంక, మోచేయి సూదిలో దారం గారు చెప్పినట్టు నిలబెడతాను. విప్పను. నడి వీపులో అంగుళంన్నర ఉంది, అది అలాగే ఉండనిస్తాను. దీన్ని చూసి ఇలాంటిదే నాకు కొత్తది కుట్టుకుంటే ఎలా ఉంటుంది? కోటు విప్పకుండా దాని కోత ఎత్తుకోవడం సాధ్యమేనా?

పాత బీరువా · గురువారం రాత్రి 9:58

మీ నోట్లో చక్కెర పొయ్య.

కత్తెర మామయ్య · శుక్రవారం ఉదయం 5:40

సాధ్యమే. కానీ పెళ్లికి ఎన్ని రోజులుంది? నెలన్నర ఉంటేనే దిగు.

బల్ల మీద దుప్పటి రెండు మడతలు వేసి, దాని మీద గోధుమరంగు కాగితం పరువు. కోటులో ఒక్కొక్క భాగాన్ని, ముందు భాగం, వీపు, ముడత లేకుండా పడుగు దారి నిటారుగా ఉండేలా పరిచి, కుట్టు వెంట గుండుసూదితో అరంగుళానికి ఒక గుచ్చు గుచ్చుకుంటూ పో. గుడ్డ మీద కాదు, కుట్టు గాడిలోనే. కాగితం మీద చుక్కలు పడతాయి, పెన్సిలుతో కలుపు. గుచ్చే ముందు పడుగు దారి తెలిసేలా తెల్లదారంతో పొడవాటి టాకాలు వేసుకో, లేకపోతే వీపు ముక్క ఏటవాలుగా పడుతుంది.

చేతిని అలా ఎత్తలేవు. రెండు ముక్కల చెయ్యి అది, బల్ల మీద చదునుగా పడదు. మోచేయి పైన ఎంత, కింద ఎంత, మణికట్టు ఎంత, కొలతలు తీసుకుని గీయాలి. చంక గుంత చూశావా, ఎంత పైకి ఉందో? ఇప్పటి కోట్లకు అది కిందికి దిగిపోయింది. చెయ్యెత్తితే కోటంతా లేస్తుంది. పైకి ఉంటే చెయ్యి ఒక్కటే లేస్తుంది. మీ తాతగారు ఆ కోటుతో బోర్డు మీద రాశారు, సైకిలు తొక్కారు. దాన్ని ఒక్క నూలైనా కిందికి దించకు.

నీకు కావలసిన రెండంగుళాలు చంక గుంతలో కలపకు, భుజంలో కలపకు. సగం ముక్కకు ఒక అంగుళం వస్తుంది. ముందు భాగం పక్క కుట్టు దగ్గర అర, వీపు పక్క కుట్టు దగ్గర అర. చాలు.

ముందు పాత పంచె గుడ్డతో కచ్చాగా కుట్టి తొడుక్కో. అందులో తప్పులన్నీ చేసెయ్.

గుడ్డ నా సలహా అడిగితే, సాదా నేత పలచటి ఉన్ని, ట్రాపికల్ అంటారు. యాభై ఎనిమిది అంగుళాల పన్నా అయితే కోటుకు రెండు మీటర్లు. మొదటిసారి కాబట్టి రెండున్నర కొను. కోసే ముందు తడిగుడ్డ వేసి గుడ్డంతా ఇస్త్రీ చెయ్, లాగుకునేదేదో కోతకు ముందే లాగుకోనీ.

గట్టు మీద సైకిలు · ఇరవై మూడు రోజుల తర్వాత, శనివారం రాత్రి 11:20

బతికే ఉన్నాను.

పంచె గుడ్డ కోటు రెండుసార్లు కుట్టాను. మొదటిసారి ఎడమ చెయ్యి కుడివైపు, కుడి చెయ్యి ఎడమవైపు పెట్టాను. అద్దంలో చూసుకుంటే రెండు చేతులూ వెనక్కి తిరిగి, ఎవరో నన్ను పట్టుకుని స్టేషన్‌కు తీసుకెళుతున్నట్టుంది. నాన్నగారు భోజనం దగ్గర నవ్వి నవ్వి పొలమారారు.

రెండోది కుదిరింది. ట్రాపికల్ గుడ్డ తెచ్చి కోశాను. కాన్వాసు చేత్తోనే పట్టించాను, మడత కాలరు లోపల వేసే చిన్న కుట్లు ఒక్కో వైపుకు రెండు సాయంత్రాలు పట్టాయి. కుట్టేటప్పుడు గుడ్డను వేలిమీద వంచి పట్టుకోమని ఎవరూ చెప్పలేదు, తాతయ్య కోటు కాలరు వంపు చూసి నేనే కనుక్కున్నాను. చెప్పుకోవాలని ఉంది, చెప్పాను.

పాత కోటుకు బూజు దులిపాను. ఎండలో కాదు, ఉదయం వసారాలో, మెత్తటి బ్రష్షుతో. పాత పంచె తీసేసి, ఉతికిన పంచెలో చుట్టి బీరువాలో పెట్టాను. కలరా ఉండలు గుడ్డకు తగలకుండా మూట కట్టి పైన వేలాడదీశాను. పోయిన గుండీ దొరికింది, ట్రంకు అడుగున. పంటికి తగిలిస్తే చల్లగా ఉంది, ముత్యపు చిప్ప గుండీ అన్నమాట.

ఇక చిక్కులు రెండు. పెళ్లి ఇంకా పదిహేను రోజులు. ఒకటి, కాజాలు. మిషను మీద వేస్తే చొక్కా కాజాల్లా ఉన్నాయి. రెండు, పక్క కుట్లలో అంగుళంన్నర వదిలాను, వీపులో కూడా. ఆ వదిలిన చోట లోపల లావుగా ఉబ్బి పైకి గీతలా కనిపిస్తోంది. సగం కత్తిరించేస్తే చదునుగా పడుతుందా?

కత్తెర మామయ్య · ఆదివారం ఉదయం 5:35

కత్తెర ముట్టుకోకు!

ఉబ్బు గుడ్డది కాదు, ఇస్త్రీది. కుట్టును లోపల రెండు వైపులకూ తెరిచి, తడిగుడ్డ వేసి నొక్కి, పెట్టె తీసేశాక వెంటనే చెక్క ముక్కతో అదిమి చల్లారేదాకా ఉంచాలి. వేడి ఉండగానే ఎత్తేస్తే మళ్లీ లేస్తుంది. నడుము వంపు దగ్గర ఆ అంచుకు చిన్న గాట్లు పెట్టవచ్చు, కుట్టుదాకా రాకుండా. కత్తిరించడం మాత్రం లేదు.

కాజా రాసి చెబితే రాదు. గింపు దారం (కాజా అంచు వెంట పెట్టే లావు దారం) వేసి దాని చుట్టూ ముడి తిప్పాలి, ఆ ముడి చెయ్యి చూస్తేనే వస్తుంది. రేపు పదింటి తర్వాత అమలాపురం రా. కోటు తీసుకురా, పాతదీ కొత్తదీ రెండూ. ఇదే గుడ్డ ముక్కలు ఒక పది తెచ్చుకో, వాటి మీద పాడుచేద్దువుగాని. సూది మాత్రం నువ్వే తెచ్చుకో, నా దగ్గర ఉన్నవన్నీ నా చేతికి వంగిపోయాయి.